అన్ని చుక్కలూ ఒక్కటేనా?

చాలా కాలానికి ఈ పుటలో టపా వ్రాస్తున్నాను. ఈసారి విషయం ఛందస్సూ కాదు, నిఘంటువూ కాదు, అంతర్జాల పటాలు. "తెలుగు పండితుడికి పటాలతో ఏమి పని?" అని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. ఆ పని తెచ్చిపెట్టినవాడు మన మిత్రులలోనే ఒకడు.

కృష్ణా తుంగభద్రల తీరాల వెంబడి ఉన్న పాత ఊళ్ళను, గుడులను, శాసనస్థలాలను ఒక పటం మీద గుర్తించే పని మా చిన్న బృందం కొన్నాళ్ళుగా చేస్తున్నది. పేర్లు, అక్షాంశ రేఖాంశాలు, ఆధారాలు సేకరించి పట్టిక వ్రాయడం నావంటి వృద్ధుల వంతు. దానిని తెర మీదికి ఎక్కించడం యువకుల వంతు. పోయిన నెలలో లంకె వచ్చింది. ఆత్రంగా తెరిచి చూచాను. రెండు వందలకు పైగా బిందువులు. అన్నింటికీ ఒకే నీలిరంగు సూది. గుడికీ అదే సూది, ఊరికీ అదే సూది, శాసనానికీ అదే. నిలిచి ఉన్నదానికీ, నీట మునిగినదానికీ, కేవలం ఊహించి పెట్టినదానికీ అదే. పట్టికలో మేము ఒక్కొక్క వరుసకు తొమ్మిది గడులు నింపాము. తెరమీద ఆ తొమ్మిదింటిలో రెండే మిగిలాయి: అక్షాంశం, రేఖాంశం.

"ఇదేమి నాయనా?" అని జాబు వ్రాశాను. వచ్చిన జవాబు ఇది: "మాస్టారూ, చుక్క ఎక్కడ ఉందన్నది సమాచారం. అది ఎలా కనిపిస్తుందన్నది అలంకారం. సమాచారం సరిగ్గా ఉంది కదా, అలంకారం తీరికగా చూసుకుందాం లెండి."

మాట మర్యాదగానే ఉన్నది, అభిప్రాయమే తప్పు. అతడొక్కడి అభిప్రాయమే అయితే మరొక జాబుతో పోయేది. కానీ బడుల పటం, గ్రంథాలయాల పటం, వ్యాధుల పటం, ఏది తెరిచినా ఇదే ధోరణి కనిపిస్తున్నది గనుక నలుగురిలో చెప్పక తప్పడం లేదు.

నగ తీసివేసినా మనిషి మనిషే, అది అలంకారం. అక్షరానికి ఒత్తు తీసివేస్తే అది వేరే మాట అవుతుంది. గుర్తు పటానికి నగ కాదు, లిపి. మన లిపిలో చుక్కకే ఎన్ని రూపాలున్నవో చూడండి. నిండుసున్న ఒకటి, అరసున్న ఒకటి, విసర్గ ఒకటి. 'ఏడు' అంటే సంఖ్య, 'ఏఁడు' అంటే సంవత్సరం. రెంటికీ నడుమ తేడా ఒక్క అరసున్నయే. ఛందస్సు చెప్పేటప్పుడు గురువుకు గిన్నెవంటి గుర్తు, లఘువుకు నిలువు గీత పెడతాము. రెంటికీ ఒకే గీత గీసి "అక్షరాల లెక్క సరిపోయింది కదా" అంటే ఏమవుతుంది? ఉత్పలమాలకూ మత్తేభానికీ కూడా పాదానికి అక్షరాలు ఇరవయ్యే! ఏది ఏదో పిల్లవాడికి ఎట్లా తెలియాలి?

ఈ సూది ఎక్కడినుండి వచ్చిందో కూడా చెప్పుకోవాలి, దానిని అన్యాయంగా తిట్టకూడదు గనుక. గూగుల్ పటాలు 2005 ఫిబ్రవరిలో వచ్చాయి. తలక్రిందులైన కన్నీటిబొట్టువంటి ఎర్రని సూది వాటితోనే లోకానికి పరిచయమైనది. ఒక మనిషి ఒక దుకాణం కోసమో, ఒక చిరునామా కోసమో వెదుకుతాడు. ఆ చోటును కప్పివేయకుండా, దాని మీద మొన ఆనించి, తల పైకెత్తి నిలబడే గుర్తు అది. "ఎక్కడ?" అనే ప్రశ్నకు చక్కని సమాధానం. లీఫ్‌లెట్ అనే ఉపకరణాన్ని ఉక్రెయిన్‌కు చెందిన వోలోదిమిర్ అగాఫోన్కిన్ 2011లో ఉచితంగా విడుదల చేసినప్పుడు అందులోనూ సూదినే పెట్టాడు, నీలిరంగులో. అందులోనూ తప్పు లేదు. ఏదో ఒకటి పెట్టకపోతే మొదటిసారి వాడేవాడికి తెర ఖాళీగా కనిపిస్తుంది. కానీ రెండు వందల బిందువులున్న పటాన్ని చూచేవాడు "ఎక్కడ?" అని మాత్రమే అడగడు. "ఏది ఎటువంటిది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సూది దగ్గర జవాబు లేదు. తాత్కాలికంగా పెట్టి ఇచ్చిన గుర్తును మనం శాశ్వతం చేసుకొని, దానికి "సమాచారం" అని పేరు పెట్టుకొన్నాము.

మా పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే సహోద్యోగి బీరువాలో సర్వే ఆఫ్ ఇండియావారి టోపోషీటు ఒకటి ఉండేది. తీరిక వేళల్లో దానిని బల్ల మీద పరచుకొని అడుగున ఉన్న గుర్తుల పట్టిక చదవడం నాకొక వ్యసనం. అందులో జనం ఉన్న ఊరికి ఒక గుర్తు, పాడుపడిన ఊరికి వేరొక గుర్తు. గుడి, మసీదు, చర్చి, సమాధి, కోట దేనికది వేరు. బావులలో కట్టుడు బావికి ఒకటి, కట్టడం లేని బావికి మరొకటి! చెరువులలో ఏడాది పొడుగునా నీరుండేది వేరు, ఎండిపోయేది వేరు. దాహంతో నడిచి వచ్చే బాటసారికి ఆ తేడా ప్రాణావసరం. ఏ కొద్ది సిరాలతోనో కాగితం మీద వారు కట్టుడు బావిని వేరుగా చూపగలిగారు. కోట్ల రంగులు చూపే తెర చేతిలో ఉండి మనం మునిగిన ఊరిని వేరుగా చూపలేకపోతున్నాము.

లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు గీయించిన పటం సంగతి చాలామందికి తెలిసినదే. బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ చావులు గుమిగూడినట్లు చూపిన పటం అది. అతడు ఒక్కొక్క మరణానికి ఒక చిన్న నల్లగీత పెట్టి, ఒకే ఇంటిలో పోయినవారి గీతలను ఆ ఇంటి దగ్గర ఒకదానిమీద ఒకటి పేర్చాడు. పంపులకు వేరే గుర్తు పెట్టాడు. మరణానికీ పంపుకూ ఒకే సూది గుచ్చి ఉంటే ఆ పటం ఏమి చెప్పేది? ఒకే ఇంటిలోని చావులన్నింటినీ ఒకే చుక్కగా పెట్టి ఉంటే ఏమి చెప్పేది? అక్షాంశ రేఖాంశాలు మాత్రం అక్షరాలా సరిగ్గానే ఉండేవి.

ఇక మా నదీతీరానికి వస్తాను. నాగార్జునకొండను తీసుకోండి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిగాయి. లోయ నాగార్జునసాగర్ నీటిలో మునిగింది. కొన్ని కట్టడాలను ఎత్తి కొండ మీద తిరిగి నిర్మించారు. ఆ కొండ నేడు ద్వీపం. మరికొన్నింటిని ఒడ్డున అనుపులో నిర్మించారు. ఇప్పుడు చెప్పండి, నాగార్జునకొండ ఎక్కడ ఉన్నది? నీటి అడుగున ఒక చోటు, ద్వీపం మీద ఒక చోటు, అనుపులో ఒక చోటు. మూడూ నిజమే, కానీ మూడు వేర్వేరు నిజాలు. మొదటిది మూలస్థానం, మిగిలిన రెండూ తరలివచ్చిన చోట్లు. మా పటంలో మూడు నీలి సూదులు వరుసగా నిలబడ్డాయి, ముగ్గురు అన్నదమ్ముల్లాగా.

ఇంతకంటే చిత్రమైనది సంగమేశ్వరుని కథ. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని, శ్రీశైలం జలాశయంలో మునగనున్నందున, రాయి రాయీ విప్పి అలంపురానికి తరలించారు. ఇది నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది. నేటి నంద్యాల జిల్లా వైపు సంగమేశ్వరం అనే మరొక క్షేత్రమున్నది. అది ఉన్నచోటనే ఉండిపోయింది. జలాశయంలో నీరు పెరిగితే మునుగుతుంది, తగ్గితే బయటపడుతుంది. అప్పుడు అర్చనలు జరుగుతాయి, జనం వెళ్ళి చూచి వస్తారు. ఒకే పేరు. ఒకటి ఇల్లు మారిన దేవుడు, మరొకటి ఏటా మునిగి తేలే దేవుడు. ఈ రెంటినీ ఒకే సూదితో చూపిన పటం రెంటి గురించీ ఏమీ చెప్పనట్లే. నీటిమట్టాన్ని బట్టి గుర్తును మార్చి చూపడం అచ్చు పటానికి చేతకాదు, తెరమీది పటానికి చేతనవుతుంది. చేతనైన పనిని చేయకపోవడమే నా ఫిర్యాదు.

ఈ లంకెను నా పాత శిష్యుడొకనికి పంపాను. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరి కుటుంబం వారిది. పునరావాస కాలనీలో పెరిగి, ఇప్పుడు దూరదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. పటంలో తన ఊరి పేరు వెదికి పట్టుకొని నాకు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా ఊరు ఇంకా ఉన్నట్టే చూపిస్తున్నదండీ ఇది. మా అమ్మకు చూపించాను. 'నీళ్ళు తీశారా ఏమిటిరా?' అని అడిగింది." ఆ పెద్దావిడకు సమాధానం ఏమి చెప్పాలో నాకు తోచలేదు. జావాస్క్రిప్ట్ రాకపోవడం వల్ల అని చెప్పనా? తీరిక లేకపోవడం వల్ల అని చెప్పనా?

తీరిక మాట కూడా తేల్చుకుందాం. లీఫ్‌లెట్‌లో జియోజేసన్ పట్టికను పటం మీదికి ఎక్కించేటప్పుడు 'పాయింట్‌టులేయర్' అనే ఒక మార్గం ఉన్నది. ఒక్కొక్క బిందువునూ దాని గడులన్నింటితో సహా అది మన చేతికి అందించి, "దీనిని ఏ రూపంలో గీయమంటారు?" అని అడుగుతుంది. మనం చెప్పకపోతేనే నీలి సూది గుచ్చుతుంది. చెప్పడానికి పది వరుసలు చాలు. నాకే వచ్చిన విద్య ఇది, మనుమడి సాయంతో రెండు మధ్యాహ్నాలలో. మునిగితే బోలు వలయం, నిలిచి ఉంటే నిండు వలయం, తరలితే చతురస్రం. రంగు మీద మాత్రమే ఆధారపడకుండా ఆకారం కూడా మార్చమంటాను. ఐరోపా సంతతి పురుషులలో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. మనవారిలోనూ అటువంటివారు లేకపోలేదు.

నా పోరు పడలేక బృందంలో ఒకరు గుర్తులు మార్చారు. ఎట్లా మార్చారు? ఎక్కడినుండో రంగురంగుల సూది బొమ్మలు తెచ్చి పెట్టారు. బొమ్మలో ఏ చోటు భూమికి ఆనాలో చెప్పడం మరిచారు. కొలత చెప్పి ఆనవలసిన చోటు చెప్పకపోతే లీఫ్‌లెట్ బొమ్మ నడిమిని బిందువు మీద పెడుతుంది. అప్పుడు సూది మొన క్రిందికి జారుతుంది. 41 పిక్సెళ్ళ సూదికి ఆ జారుడు 20 పిక్సెళ్ళు. ఇరవై పిక్సెళ్ళకేమిలే అనుకొంటారేమో! మన అక్షాంశాల దగ్గర పదిహేడవ జూమ్ స్థాయిలో అది సుమారు 23 మీటర్లు. ఏడవ స్థాయిలో సుమారు 23 కిలోమీటర్లు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి నల్లగొండ జిల్లాలో ఉన్నది. సూది మొన నదిని దాటి పల్నాడు జిల్లా లోపల గుచ్చుకొన్నది. అంటే రాష్ట్రమే మారిపోయింది! చుక్క ఎక్కడ ఉందన్నది సమాచారం, ఎలా ఉందన్నది అలంకారం అన్నవారు ఇప్పుడు చెప్పాలి. ఎలా ఉందన్నది తప్పినందుకే కదా ఎక్కడ ఉందన్నది కూడా తప్పినది?

వలయాల పరిమాణంలో మరొక తప్పు జరుగుతుంటుంది. ఒక గుడిలో 4 శాసనాలు, మరొకదానిలో 16 ఉన్నాయనుకోండి. నాలుగు రెట్లు గదా అని వ్యాసార్థాన్ని నాలుగు రెట్లు చేస్తారు. కన్ను చూచేది వైశాల్యాన్ని. అది పదహారు రెట్లవుతుంది. వర్గమూలం తీసి వ్యాసార్థాన్ని రెండు రెట్లు చేస్తే సరి. పెద్ద వలయాన్ని కన్ను ఉన్నదానికంటే కొంత తక్కువగానే అంచనా వేస్తుందని, అందుకు తగిన సవరణను జేమ్స్ ఫ్లానరీ 1971లో సూచించాడు. అంత లోతుకు పోకపోయినా ఎనిమిదవ తరగతి గణితమైనా పాటించవద్దా?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అనుమానపు బిందువుల సంగతి. కొన్ని శాసనాల గురించి పాత నివేదికలలో తాలూకా పేరే ఉంటుంది, ఊరు ఉండదు. అటువంటివాటికి తాలూకా కేంద్రం అక్షాంశ రేఖాంశాలు వేసి, పక్క గడిలో 'అంచనా' అని వ్రాశాము. పటంలో 'అంచనా' మాయమైంది, సూది నిలిచింది. దశాంశం తరువాత ఐదు స్థానాలతో అబద్ధం! ఇటువంటి పని ఎంత దూరం పోతుందో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక రైతు క్షేత్రం కథ చెబుతుంది. అంతర్జాల చిరునామాలకు భౌగోళిక స్థానం చెప్పే సంస్థ ఒకటి, "అమెరికాలో ఎక్కడో" అని తప్ప ఏమీ తెలియని కోట్లాది చిరునామాలకు దేశం నడిమికి దగ్గరగా 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం వేసి ఊరుకొన్నది. ఆ చోట ఒక ఇల్లున్నది. ఏళ్ళ తరబడి దొంగల కోసం పోలీసులు, మోసపోయినవారు, కోపించినవారు ఆ ఇంటి తలుపు తట్టారు. 2016లో సంగతి బయటపడ్డాక ఆ బిందువును ఒక జలాశయం నడుమకు జరిపారు. బిందువును జరపడం కాదు చేయవలసినది. "ఇది బిందువు కాదు, ఇంత మేర" అని చూపడం. లీఫ్‌లెట్‌లో పిక్సెళ్ళతో కొలిచే వలయం వేరు, మీటర్లతో కొలిచే వలయం వేరు. అనుమానపు చోట్లకు రెండవది వాడి, నిజంగా ఇరవై కిలోమీటర్ల అనుమానం ఉంటే ఇరవై కిలోమీటర్ల పల్చని వలయం గీయండి. పటం అందంగా ఉండదంటారా? ఉండకపోతే పోనీ.

గుత్తుల సంగతి క్లుప్తంగా చెబుతాను. దగ్గర దగ్గరగా ఉన్న చుక్కలను కలిపి ఒక గుండ్రని బిళ్ళ మీద '10' అని చూపే సౌకర్యం మంచిదే. కానీ ఆ పదిలో ఏడు మునిగిన ఊళ్ళా, ఒక్కటీ కాదా? బిళ్ళను కూడా మన ఇష్టప్రకారం గీయించుకొనే వీలున్నది. ఏడు పాళ్ళు బోలుగా, మూడు పాళ్ళు నిండుగా గీయించండి.

ఇక చుక్క పక్కన పేరు. ఈ పుట చదివే పాతవారికి 2005, 2006 నాటి కష్టాలు గుర్తుండే ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల కోసం సీడీ వెదుక్కొని, గౌతమి ఖతి కనబడితే పండుగ చేసుకొన్న రోజులవి. ఒత్తు ఒత్తుగా, గుణింతం గుణింతంగా తెరమీద కనిపించడానికి మనం ఎంత పోరాడాము! బిందువులనూ పేర్లనూ తామే గీసే కొన్ని కొత్త తరహా పటాలలో, ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క బొమ్మను వరుసగా పేర్చే పద్ధతి వల్ల, ఏళ్ళ తరబడి మన లిపి మళ్ళీ విరిగిపోయింది. శ్రీశైలం అని వ్రాస్తే శకారం ఒకచోట, పొల్లు ఒకచోట, రేఫ వేరుగా, గుడిదీర్ఘం గాలిలో. అది చూచి మావాళ్ళు చేసినదేమిటో తెలుసునా? పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చారు! అవసరమే లేదు. లీఫ్‌లెట్‌లో గుర్తునూ పేరునూ మామూలు జాలపుట పాఠంగానే పెట్టవచ్చును. అప్పుడు అక్షరాలు కూర్చేది విహరిణి. దానికి తెలుగు ఎప్పుడో వచ్చింది.

మార్చమన్నాను గదా అని రెండవ కొసకు పోయేవారికీ ఒక మాట. ఒక మిత్రుడు గుడులన్నింటికీ గోపురం బొమ్మ, శాసనాలకు తాళపత్రం బొమ్మ, మునిగిన ఊళ్ళకు ఎగిరిపడే అలల బొమ్మ పంపాడు. శాసనం రాతి మీదనో రాగి రేకు మీదనో ఉంటుంది నాయనా, తాళపత్రం మీద కాదు. ఎగిరిపడే అలలు చూస్తే ఆ కాలనీలోని పెద్దావిడ ఏమంటుందో నేను వ్రాయను.

నేను అడుగుతున్నది నాలుగు గుర్తులు: నిండు వలయం, బోలు వలయం, చతురస్రం, మీటర్ల లెక్కన పల్చని వలయం. పటం అడుగున వాటి అర్థం తెలుగులో చెప్పే చిన్న పట్టిక. ఐదవది సంగమేశ్వరం కోసం. ప్రస్తుతానికి సగం నిండిన వలయం అనుకొన్నాను. జలాశయం నీటిమట్టాన్ని బట్టి దానంతట అదే నిండేటట్లూ, ఖాళీ అయ్యేటట్లూ చేయగలవారు ఎవరైనా ఉంటే వ్యాఖ్య వ్రాయండి. పట్టికలో ఆ వరుస నేను సిద్ధం చేసి ఉంచాను; 'స్థితి' అనే గడిలో 'నీటిని బట్టి' అని వ్రాశాను.